తీర్మానాల రిజిస్టర్ ఇంటికే పంపి సంతకం పెట్టమంటున్నారు. వార్డు మెంబర్‌గా నేనేం చేయాలి?

ఆరో వార్డు (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లాలో పది వార్డుల పంచాయతీ. ఊరి పేరు రాయను, రాస్తే తెల్లారేసరికి మా వాకిట్లో నాలుగు బండ్లు ఆగుతాయి. 2025 డిసెంబర్ ఎన్నికల్లో ఆరో వార్డు బీసీ మహిళకు వస్తే నిలబడి గెలిచాను. మేం దూదేకులవాళ్ళం. మా మామ దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. మా ఆయన మండల కేంద్రంలో ఫోమ్ పరుపులు అమ్ముతాడు. నేను ఇంటర్ దాకా చదివాను, మహిళా సంఘంలో పుస్తకాలు రాసేదాన్ని. కాబట్టి రిజిస్టర్ చూస్తే నాకు భయం లేదు. సమస్య వేరే.

పోయిన వారం పంచాయతీలో పనిచేసే అబ్బాయి బండి మీద తీర్మానాల రిజిస్టర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. నేను పిండి కలుపుతున్నాను. "అక్కా, టిక్కు కొట్టిన కాడ సంతకం పెట్టు, ఇంకా ముగ్గురి ఇండ్లకు పోవాలె" అన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి చూశాను. పైన తేదీ వేసి, సర్పంచ్ గారి అధ్యక్షతన సమావేశం జరిగినదనీ, ఈ కింది సభ్యులు హాజరైనారనీ రాసి ఉంది. నా పేరు పక్కన పెన్సిల్ టిక్కు. ఆ తేదీన నేను మా ఆడబిడ్డ ఊళ్ళో పెళ్ళిలో ఉన్నాను. ఆ రోజు ఆఫీసు తాళమే తీయలేదని ఎదురింటామె చెప్పింది. వీధి దీపాల సామాను, ట్రాక్టర్ రిపేరు, మోరీల పూడికతీత అని మూడు అంశాలున్నాయి. మొదటిదానికి తప్ప మిగతావాటికి అంకె లేదు. మూడోదానికీ సంతకాలకూ మధ్య అరపేజీ ఖాళీ వదిలారు. నాకంటే ముందే ఐదుగురు పెట్టేశారు.

"ఇక్కడ పెట్టి పో, చదివి ఇస్తా" అన్నాను. అతను రిజిస్టర్ చేతిలోంచి వదల్లేదు. మా ఆయన వచ్చాక చూద్దామని చెప్పి పంపించాను. మా ఆయన్ని అడిగే అలవాటు నాకు లేదు, కానీ ఊళ్ళో ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

రాత్రి సర్పంచ్ గారి భర్త ఫోన్ చేశాడు. నాకు కాదు, మా ఆయనక్కూడా కాదు, మా మరిదికి. "మీ వదినెకు చెప్పు, అందరూ పెట్టిన్రు, ఆమె ఒక్కతే ఆపింది" అన్నాడట. సర్పంచ్ కూడా ఆడమనిషే. గెలిచిన రోజు దండలేసుకున్నప్పుడు చూశాను, మళ్ళీ ఆమె గొంతు వినలేదు.

ఇప్పుడు మా ఇంట్లో టెన్షన్ ఏంటంటే, మా వాడకట్టులో మావి ముప్పై దాకా ఇళ్ళు. వార్డులో సగానికి పైగా గౌడ్ల, యాదవుల, మాదిగల ఇళ్ళు. నేను గెలిచింది పదకొండు ఓట్లతో. అందులో ఎవరివి ఎన్నో నాకు తెలుసు, సర్పంచ్ గారి భర్తకు నాకంటే బాగా తెలుసు. మా కబరస్తాన్‌కు పోయే బాట వాళ్ళ పొలం గట్టు పక్కనుంచి పోతుంది. పోయిన వానాకాలంలో మా చిన్నత్త జనాజా మోసుకుపోతుంటే బురద మోకాళ్ళ దాకా వచ్చింది. ముందు పట్టుకున్నవాళ్ళలో ఒకాయన చెప్పు బురదలో ఇరుక్కుంటే దాన్ని అక్కడే వదిలేసి నడిచాడు. ఊరికి వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టారు. గేటు, స్నానాల గదులు, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్నాయి, మంచిదే. కబరస్తాన్‌కు మాత్రం బోరు లేదు, గోడ లేదు, బాట కూడా లేదు. నేను నిలబడిందే ఆ బాట కోసం. ఇప్పుడు సంతకం ఆపితే బాట ఆగుతుందని మా అత్త భయం. "ముప్పై ఇండ్లోళ్ళం, రేపు మనకే పని పడతది" అంటుంది. ఆమె మాట తీసిపారేసేది కాదు.

సంతకం పెట్టనంటే నా మెంబర్‌గిరీ పోతుందా? పెట్టకుండా, పెట్టినట్టు కాకుండా, మధ్యేమార్గం ఏదైనా ఉందా? మీలో ఎవరైనా ఇలా తక్కువ ఇళ్ళున్న కులం నుంచో మతం నుంచో గెలిచి, ఊరితో పగ పెట్టుకోకుండా నెట్టుకొచ్చినవాళ్ళుంటే చెప్పండి. ధైర్యంగా ఉండమనే సలహా వద్దు, అది చాలామంది ఇచ్చారు.

రిటైర్డ్ కార్యదర్శి:

అమ్మా, పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైన వాణ్ని. సంతకం పెట్టనందుకు మిమ్మల్ని ఎవరూ తీసేయలేరు. అయితే మీరు చూడని ప్రమాదం ఇంకోటుంది. వరుసగా సమావేశాలకు రాని సభ్యుల సభ్యత్వం పోయే నిబంధన చట్టంలో ఉంది. మీరు సంతకం పెట్టకుండా ఊరుకుంటే, జరగని సమావేశాలకు మీరు గైర్హాజరైనట్టు రిజిస్టర్‌లో రాసుకుంటూ పోవచ్చు. కొన్ని నెలల తర్వాత అదే కాగితం మీమీదికి తిరుగుతుంది. కాబట్టి నోటితో ఆపడం చాలదు, కాగితం మీద ఆపాలి.

కార్యదర్శి పేరున ఒక ఉత్తరం రాయండి. ఫలానా తేదీన సమావేశం జరిగినట్టు రిజిస్టర్‌లో ఉంది, దానికి నాకు నోటీసు గానీ ఎజెండా గానీ అందలేదు, ఇకముందు ప్రతి సమావేశానికీ రాతపూర్వకంగా నోటీసు ఇప్పించగలరు అని. అంతే. దొంగతనం, అవినీతి, కుట్ర లాంటి మాటలు ఒక్కటీ వద్దు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. ఇంకో కాపీ ఎంపీడీఓ (మండల అభివృద్ధి అధికారి) ఆఫీసు ఇన్వర్డ్‌లో ఇవ్వండి. ఎవరి మీదా ఫిర్యాదు కాదు కాబట్టి మీ మరిదికి ఫోన్ వచ్చినా చెప్పుకోవడానికి మాట ఉంటుంది. "నోటీసు అడిగింది, అంతే కదా" అనొచ్చు.

రిజిస్టర్ మళ్ళీ ఇంటికొస్తే, పెట్టక తప్పని పరిస్థితి వస్తే, ముందు ఆ ఖాళీ అరపేజీ మీద అడ్డంగా గీత కొట్టండి. తర్వాత "ఈ సమావేశానికి నాకు నోటీసు రాలేదు, నేను హాజరు కాలేదు" అని మీ చేత్తో రాసి, దాని కింద సంతకం, తేదీ వేయండి. అదీ సంతకమే. నేను పనిచేసిన ఊళ్ళలో ఖాళీ జాగా వదిలినా కిమ్మనకుండా పెట్టే మెంబరంటే సర్పంచులకు ఎంత ప్రేమో. ఆ ఖాళీలో ఏమేం పుట్టుకొచ్చేవో రాస్తే మీరు నమ్మరు.

చట్టం సంగతి రెండు ముక్కలు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. మీకు చెక్ పవర్ లేదు. కానీ ఆ చెక్కుకు ఆధారం తీర్మానం, అందులో మీ పేరుంది. రేపు ఆడిట్‌లో "పాలకవర్గం ఆమోదించింది" అంటే అందులో మీరూ ఉన్నట్టే. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని కూడా అదే చట్టం చెబుతోంది. దాన్ని పట్టుకోండి. పాలకవర్గ సమావేశంలో మీరు పదిమంది వార్డు మెంబర్లలో ఒకరు. గ్రామసభలో మీ వార్డు మొత్తం కూర్చోవచ్చు.

ఇంకో మాట. మీ కార్యదర్శిని శత్రువుగా చూడకండి. 2018లో 9,355 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి తీసుకున్న జూనియర్ కార్యదర్శుల్లో చాలామంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. సర్పంచ్ ఇంటి నుంచి ఒత్తిడి, ఎంపీడీఓ నుంచి ఇంకో ఒత్తిడి. మీ ఉత్తరం వాళ్ళకు కూడా పనికొస్తుంది. "మెంబర్ రాసిచ్చింది సార్, నేనేం చేయను" అనడానికి వాళ్ళకూ ఒక సాకు కావాలి.

సర్పంచ్ భర్తల పెత్తనం మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో కమిటీ వేసింది. 2025లో నివేదిక వచ్చింది, గట్టి జరిమానాలు ఉండాలని సిఫారసు చేసింది. ఆ కాగితం ఢిల్లీలో బయల్దేరింది, మన ఊళ్ళకు ఇంకా నడిచొస్తోంది.

ఊరిమాట:

అక్కా, తప్పుగా అనుకోవద్దు. సంతకాల వ్యవహారం ప్రతి ఊళ్ళోనూ ఇంతే. మా ఊళ్ళో రెడ్ల మెంబర్‌కీ రిజిస్టర్ ఇంటికే పోతుంది, ఆయన చాయ్ తాగుతూ పెట్టేస్తాడు. దీన్ని మతం, మైనారిటీ అని ఎందుకు ముడిపెడుతున్నారు? మీరు గెలిచింది బీసీ కోటాలో. దూదేకులవాళ్ళు బీసీ-బి, తెలుగు మాట్లాడతారు, మాతో కలిసి పండుగలు చేసుకుంటారు. బీసీ అన్నప్పుడు బీసీ, మైనారిటీ అన్నప్పుడు మైనారిటీ అంటే ఎట్లా?

ఆరో వార్డు:

తమ్ముడూ, కోపమేం లేదు, ఈ మాట నాకు కొత్త కాదు. మీ ఊరి రెడ్డి గారు చాయ్ తాగుతూ సంతకం పెడతాడు. ఒకవేళ పెట్టకపోతే ఆయన వాడకట్టుకు నల్లా నీళ్ళు ఆగుతాయా? ఆగవు. నేను ఆపితే మా అత్త నిద్రపోవడం లేదు. నేను చెబుతున్న తేడా అది. నేను మతాన్ని ముందుకు తేలేదు, ఇళ్ళ లెక్క చెప్పాను.

ఇక మేమేంటి అంటావా, ఊళ్ళో మమ్మల్ని "తురకోళ్ళు" అంటారు. పెద్ద మసీదున్న ఊళ్ళకు పోతే "దూదేకులోళ్ళు, ఉర్దూ రాదు" అని పక్కన కూర్చోబెడతారు. జనాభా లెక్కల్లో ముస్లింలం, కులం సర్టిఫికెట్‌లో బీసీ-బి. రెండూ మేం కోరి రాయించుకున్నవి కావు. పంచాయతీల్లో మతాన్ని బట్టి సీటు రిజర్వ్ చేయడం లేదు, నేనూ అడగడం లేదు. మండల పరిషత్‌లో మైనారిటీల నుంచి ఒకర్ని కో-ఆప్షన్ (జనం ఓట్లతో కాకుండా తీసుకునే) సభ్యులుగా తీసుకుంటారు, వాళ్ళకు ఓటు లేదు. మా మండలంలో ఆ కుర్చీ కోసం పోయినసారి ఎంత పైరవీ నడిచిందో చూశాను. ఓటు లేని కుర్చీకి అంత పోటీ ఎందుకో నాకర్థం కాలేదు, బహుశా ఫొటోల్లో నిలబడటానికేమో. నేను నా ఆరో వార్డులో ఓట్లడుక్కుని గెలిచాను, నాకదే ఎక్కువ.

స్థానిక ఎన్నికల్లో బీసీలకు 42 శాతం సీట్లిచ్చే జీవో వచ్చినప్పుడు మా ఇంట్లో కూడా సంతోషించాం. 2025 అక్టోబర్‌లో హైకోర్టు దాన్ని ఆపింది, చివరికి మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న పరిమితిలోనే ఎన్నికలు జరిగాయి. ఆ గొడవలో కొందరు నాయకులు ముస్లిం బీసీలను ఆ లెక్కలోంచి తీసెయ్యాలన్నారు. టీవీ చూస్తూ మా ఆయన "మనం ఉన్నోళ్ళ లెక్కలోనా, తీసెయ్యాల్సినోళ్ళ లెక్కలోనా" అని అడిగాడు. నువ్వు అడిగిన ప్రశ్నే. జవాబు నీకు దొరికితే నాకూ చెప్పు.

తండా మాజీ సర్పంచ్:

చెల్లీ, నేను 2019 జనవరిలో గెలిచిన తండా సర్పంచ్‌ని. పదవీకాలం 2024 మొదట్లో అయిపోయింది. మా తండా అంతకుముందు పెద్దూరి పంచాయతీలో రెండు వార్డులు. 2018లో 500 జనాభా ఉన్న తండాలన్నీ పంచాయతీలు చేసినప్పుడు మాదీ అయ్యింది. "మా తండాలో మా రాజ్యం" అని డప్పులు కొట్టాం. రాజ్యం వచ్చింది, రిజిస్టర్ కూడా వచ్చింది. ఆ రిజిస్టర్ ఎవరి ఇంట్లో ఉంటే రాజ్యం వాళ్ళదని మెల్లగా తెలిసింది.

పెద్దూళ్ళో ఉన్నప్పుడు మా రెండు వార్డుల మెంబర్లు ఎట్లా సంతకం పెట్టేవాళ్ళో నాకు తెలుసు. నీ సంగతే. మా మామ ఒకసారి మెంబర్‌గా చేశాడు. ఆయనకు సంతకం తప్ప ఇంకేమీ రాదు, దేనికి పెట్టాడో చివరిదాకా తెలియదు. మాకు నీళ్ళ ట్యాంకు మంజూరైందని, అది పెద్దూళ్ళో కట్టారని ఆయన పోయాక ఎవరో చెప్పారు.

అందుకని నేను సర్పంచ్ అయ్యాక సమావేశం ఆఫీసు గదిలో పెట్టలేదు. సేవాలాల్ గుడి ముందు చెట్టు కింద పెట్టాను. కార్యదర్శి పిల్ల తెలుగులో రాసేది, రాసిన ప్రతి తీర్మానం చదివేది, నేను దాన్ని మా లంబాడీ భాష గోర్‌బోలిలో మళ్ళీ చెప్పేదాన్ని. ముసలివాళ్ళు వినేవాళ్ళు. డబ్బు అంకె చదివినప్పుడు ఎవరో ఒకరు "ఏంటి, అంతనా?" అనేవాళ్ళు. ఆ ఒక్క మాటకు కాంట్రాక్టర్లు ఎంత జంకేవాళ్ళో. రేటు తగ్గిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మా ఆయనకు ఫోన్లు వచ్చేవి. ఆయన మంచివాడే, కానీ ఫోన్ చెవిన పెట్టుకుంటే సర్పంచ్ తనే అయిపోయేవాడు. నా నంబర్ పెద్ద అక్షరాలతో పంచాయతీ గోడ మీద రాయించాను. రాయించిన రోజు ఇంట్లో అన్నం తినలేదు ఆయన. మర్నాడు తిన్నాడు.

ఇప్పుడు నీ బాట సంగతి. సార్ చెప్పిన ఉత్తరం ఇవ్వు, అది నీ రక్షణ. కానీ ఉత్తరంతో బాట రాదు. బాట గురించి నువ్వు ఒక్కదానివే లేచి అడిగితే "వాళ్ళ స్మశానం వాళ్ళు అడుగుతున్నారు" అని పోతుంది, ఓటుకు పెడితే ఓడిపోతావు. ఆ బాట మీద ఇంకెవరు నడుస్తారో చూడు. అది పొలాల వైపు పోయేదే కదా, ఎవరి ట్రాక్టర్ దిగబడుతోంది? ఎవరి బర్లు పోతాయి? వాళ్ళ వార్డు మెంబర్‌ని కలువు. నీ వార్డులో మాదిగవాడ మోరీ నిండిపోయి ఉంటుంది, ఏ ఊళ్ళోనైనా అదే ముందు నిండుతుంది. గ్రామసభలో నువ్వు మొదట ఆ మోరీ గురించి మాట్లాడు, బాట గురించి వాళ్ళ చేత మాట్లాడించు. ఇది రాజకీయం అని మొహం తిప్పుకోకు. పెద్ద కులాలవాళ్ళు పుట్టినప్పటి నుంచీ చేసే పని ఇదే. వాళ్ళు చేస్తే పలుకుబడి అంటారు.

ఇంకొకటి, గ్రామైక్య సంఘం (ఊళ్ళోని మహిళా సంఘాల సమాఖ్య) అధ్యక్షురాలు పంచాయతీలో కో-ఆప్షన్ మెంబర్ అవుతుంది. ఓటు ఉండదు కానీ కూర్చుంటుంది, వింటుంది. సంఘంలో పుస్తకాలు రాశానన్నావు, ఆమె నీకు తెలిసే ఉంటుంది. సమావేశానికి ఒంటరిగా పోకు, ఆమెతో కలిసి పో. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి గుమ్మంలోకి వస్తే గదిలో గొంతులు కొంచెం తగ్గుతాయి, నేను చూశాను.

నేనేదో గెలిచి కూర్చున్నానని అనుకోకు. చేయించిన పనుల బిల్లులు చాలా ఏళ్ళు ఆగిపోయాయి, అప్పు తెచ్చి కూలీలకు ఇచ్చాను. మా జిల్లాలోనే కాదు, రాష్ట్రమంతా మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం ధర్నాలు చేసింది చూసే ఉంటావు. తర్వాత దాదాపు రెండేళ్ళు పాలకవర్గాలే లేవు, ప్రత్యేకాధికారుల చేతిలో నడిచాయి, కేంద్రం నిధులూ ఆగాయి. మీ సర్పంచ్ భర్తకు కూడా ఆ టెన్షన్ ఉండే ఉంటుంది. పెట్టిన ఖర్చు తిరిగి రాబట్టుకోవాలి కదా, ఖాళీ అరపేజీ అందుకే. అతను రాక్షసుడు కాడు, తొందరలో ఉన్న మనిషి. తొందరలో ఉన్నవాళ్ళతో బేరం కుదురుతుంది.

ఫోన్‌లో చూడొచ్చు:

చిన్న విషయం. మేరీ పంచాయత్ యాప్, ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్ ఉన్నాయి. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, ఏ పనికి ఎంత పోయింది కనిపిస్తుంది. 2026 మార్చి దాకా వర్తించిన 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడొచ్చు. మోరీల పూడిక మొదటి దాంట్లోకి వస్తుంది. బాట రెండోదాంట్లో. అందుకే "డబ్బుల్లేవు" అని చెబితే ఏ డబ్బుల్లేవో అడగండి.

ఆరో వార్డు:

అందరికీ షుక్రియా. ఏం జరిగిందో చెబుతాను.

ఉత్తరం ఇచ్చాను. కార్యదర్శి పిల్ల అది చదివి తలుపు వైపు ఒకసారి చూసి, టపాల్ రిజిస్టర్‌లో నంబర్ వేసి ముద్ర కొట్టింది. సార్ చెప్పినట్టే, ఆమెకు ఊపిరాడినట్టు అనిపించింది. ఎంపీడీఓ ఆఫీసులో ఇంకో కాపీ ఇచ్చాను. అదే రోజు సాయంత్రం మళ్ళీ మా మరిదికి ఫోన్. నోటీసు ఒక్కటే అడిగిందని మా మరిది చెప్పాడు. "దానికి ఎంపీడీఓ దాకా ఎందుకు" అన్నాడట ఆయన. అంటే కాపీ అక్కడికి చేరినట్టు మాకు ఆయనే రశీదు ఇచ్చాడు.

నోటీసులు ఇంతకాలం ఎందుకు రాలేదో కూడా తెలిసింది. అవి వాట్సాప్ గ్రూపులో పెడతారట. ఆ గ్రూపులో ముగ్గురు ఆడ మెంబర్లం లేము, మా బదులు మా ఇళ్ళ మగవాళ్ళున్నారు. నా బదులు మా మరిది ఉన్నాడు! వాడు గుడ్ మార్నింగ్‌లు చూసి చూసి ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నాడు.

సమావేశం నిజంగానే పెట్టారు. గ్రామైక్య సంఘం అధ్యక్షురాలితో కలిసి పోయాను. సర్పంచ్ గారి భర్త సర్పంచ్ కుర్చీ పక్కనే కుర్చీ వేసుకున్నాడు. సంఘం అక్క "అన్నా, ఇది మెంబర్ల మీటింగ్ కదా, నీకు చాయ్ వరండాలోకి పంపిస్తాం" అంది నవ్వుతూ. అందరూ నవ్వారు, ఆయనకూ లేవక తప్పలేదు. వరండాలో కూర్చున్నాడు. కూర్చుని కిటికీలోంచి మాట్లాడాడు. అది వేరే సంగతి.

పాత పేజీ తెరిచారు. ట్రాక్టర్ రిపేరుకు ఎంతైందో అంకె వేయమన్నాను. బిల్లు తెప్పించి వేశారు. ఖాళీ జాగాకు గీత నేను కొట్టలేదు, ఉపసర్పంచే కొట్టాడు. చెక్కు మీద సంతకం పెట్టేది ఆయన కదా, ఆయనకూ భయం ఉంది, ఎవరైనా ముందు నోరు విప్పితే బాగుండునని చూస్తున్నాడట, బయటికొచ్చాక చెప్పాడు. వీధి దీపాల సామాను వచ్చే నెలకు వాయిదా వేశారు, ఇంకో కొటేషన్ తేవాలన్నారు. నా హాజరు ఆ పాత తేదీకి కాదని, ఈ రోజుకేనని రాసి సంతకం పెట్టాను.

మాదిగవాడ మోరీ గురించి నేనే మాట్లాడాను, అది పనుల జాబితాలో చేరింది. బాట గురించి నాలుగో వార్డు యాదవుల మెంబర్ లేచాడు. వాళ్ళ గొర్ల మందలూ, ఇద్దరి ట్రాక్టర్లూ ఆ బాటనే పోతాయి. ఆయన అడిగినంత గట్టిగా నేను అడగలేకపోయేదాన్ని. మొరం పోయించాలని తీర్మానం అయింది.

అయితే తీర్మానంలో రాసింది "నాలుగో వార్డు పొలాల బాట" అని. కబరస్తాన్ మాట ఎక్కడా లేదు. బాట పొలాల దగ్గర మలుపు తిరిగి మా కబరస్తాన్ దాకా ఇంకా రెండు వందల గజాలు పోతుంది. ఆ ముక్క ఇందులో ఉందో లేదో తెలియదు. నాకు లోపల మండింది. మా అత్త మాత్రం ఖుషీగా ఉంది, "పోయనీ, సగం బాటకైనా మొరం పడితే ఇంకో సగం తర్వాత చూద్దాం" అంటోంది. నేను ఇప్పుడే పట్టుబట్టాలా, మొరం పడేదాకా ఆగాలా? సార్, అక్కా, మీరేమంటారు?

రిటైర్డ్ కార్యదర్శి:

ఆగవద్దు, పట్టుబట్టనూ వద్దు. పనికి పంచాయతీరాజ్ ఇంజనీరు (ఏఈ) వచ్చి అంచనా వేస్తారు. ఆ రోజు అక్కడ ఉండండి. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అనేది అంచనాలో మీటర్లలో రాస్తారు, తీర్మానంలో ఏ పేరున్నా పని జరిగేది ఆ మీటర్లకే. కొలత టేపు పట్టుకునేటప్పుడు కబరస్తాన్ గేటు దాకా, గేటు లేదన్నారు కదా, కబరస్తాన్ హద్దు రాయి దాకా పట్టించండి. యాదవుల మెంబర్‌ని కూడా పిలవండి, టేపు రెండో కొస ఆయన చేతిలో ఉంటే మంచిది.

ఈలోపు తహసీల్దార్ ఆఫీసులో ఆ కబరస్తాన్ సర్వే నంబర్ ఏమిటో, రికార్డులో ఎట్లా ఉందో చూడండి. వక్ఫ్ గెజిట్‌లో (ముస్లిం ధార్మిక ఆస్తుల సర్కారు జాబితా) ఉందా, గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలం) ఉందా అనేదాన్ని బట్టి గోడకు ఎవర్ని అడగాలో తేలుతుంది. గోడ, బోరు వచ్చే గ్రామసభకు ఉంచుకోండి. అన్నీ ఒకేసారి అడిగితే అంచనా ఎక్కువైందని బాట కూడా ఆపుతారు.

తండా మాజీ సర్పంచ్:

సార్ చెప్పింది నిజం. మా తండాలో సీసీ రోడ్డు అప్పటి పెద్దూరి సర్పంచ్ ప్రత్యర్థి ఇంటి ముందు సరిగ్గా ఆగిపోయింది, ఏమంటే మీటర్లు అయిపోయాయన్నారు. నేను గెలిచాక ఆ ముక్క ముందు పోయించాను. ప్రత్యర్థి నాకు ఓటు వేయలేదు, అయినా పోయించాను, ఆయన గ్రామసభకు రావడం మొదలుపెట్టాడు.

ఏఈ వచ్చే రోజు ముందే చెప్పరు, కార్యదర్శి పిల్లను అడిగి ఉంచు. ఇంతకీ నిన్ను ఆ వాట్సాప్ గ్రూపులో చేర్చారా?

ఆరో వార్డు:

చేర్చారక్కా, ముగ్గురం ఆడవాళ్ళనీ చేర్చారు. మా మరిదిని తీసేయమంటే వాడు అలిగాడు, ఉండనిచ్చాం. అడ్మిన్ ఇంకా సర్పంచ్ గారి భర్తే. నేను మొదటి మెసేజ్‌గా ఏఈ ఎప్పుడొస్తారని అడిగాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు ఇంకా రాలేదు. రేపు పొద్దున ఆఫీసుకే పోయి అడుగుతాను.